ఆదివారం తెగే లింకు

రాజోలు లింకు ఈ ఆదివారం కూడా తెగితే సోమవారం పొద్దున్న పాపారావుని పనిలోంచి తీసేస్తానని మూర్తిగారు శుక్రవారం సాయంత్రమే చెప్పేశారు. చెప్పింది పాపారావుతో కాదు, క్రిస్టీనాతో. గది తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, ఎవరికో మేలు చేస్తున్నంత నెమ్మదిగా చెప్పేరు.

"ఎనిమిది వారాలమ్మా! ఎనిమిది ఆదివారాలు వరసగా. చర్చిలో ప్రసంగం ఫోన్లకి లైవ్ వెళ్ళడం మొదలవుతుంది, రాజోలు మొత్తం నెట్ పోతుంది. పాస్టరుగారు ఫోను చేసి మర్యాదగానే మాట్లాడుతున్నారు. ఆ మర్యాదే నాకు సిగ్గుగా ఉంది."

"పాపారావుగారు చేసేరనడానికి మన దగ్గర ఏముందండీ?"

"నువ్వు రాసిన పట్టికే ఉందిగా!"

నిజమే. పట్టిక రాసింది క్రిస్టీనాయే. రెండు వారాల కింద మూర్తిగారు అడిగితే, లింకు తెగిన తేదీలు ఒక వైపు, పాపారావు ఆ రోజుల్లో ఎక్కడున్నాడో ఇంకో వైపు రాసిచ్చింది. లింకు తెగిన ప్రతిసారీ పాపారావు రాజోల్లో ఉన్నాడు. అతను అమలాపురంలో ఉన్న ఏ రోజూ లింకు తెగలేదు. కాగితం మీద చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

మూర్తిగారంటే సత్యనారాయణమూర్తిగారు. అమలాపురంలో కేబుల్ టీవీ నాటి నించీ ఉన్న మనిషి. ఇప్పుడు ఇంటింటికీ ఇంటర్నెట్ ఇస్తున్నారు, రాజోలు దాకా. క్రిస్టీనా ఆయన దగ్గర రౌటర్లు చూస్తుంది. పాపారావు ఫైబరు లాగి, తెగినచోట అతికే మనిషి. యాభై అయిదేళ్ళుంటాయి. ఇల్లు రాజోలు. సోమవారం నించి శనివారం దాకా పొద్దున్నే బస్సెక్కి అమలాపురం వస్తాడు. ఆదివారం మాత్రం రాడు.

ఆ రాకపోవడం కూడా ఊరికే వచ్చింది కాదు. మూడు నెలల కింద పాపారావు ఆఫీసులో అందరి ముందూ నిలబడి, "ఇరవై రెండేళ్ళుగా ఆదివారాలు స్తంభాల మీదే గడిచిపోయాయండి. ఇంక ఆదివారం నన్ను పిలవకండి," అన్నాడు. మూర్తిగారికి కోపం వచ్చింది. మాటా మాటా అనుకున్నారు. చివరికి సరే అన్నారు. ఆ తరవాత నెల తిరక్కుండానే ఆదివారాలు లింకు తెగడం మొదలైంది. "నేను లేకపోతే మీ గతి ఇదీ అని చూపిస్తున్నాడు నాకు," అని మూర్తిగారు మనసులో గట్టిగా పెట్టేసుకున్నారు.

క్రిస్టీనా రామచంద్రపురంలో డిప్లొమా చదివి ఈ ఆఫీసుకి వచ్చినప్పుడు ఫిర్యాదుల ఫోను దగ్గర కూచోబెట్టేరు. ఒకరోజు పాపారావు తన అతికే మిషను ఆమె బల్ల మీద పెట్టి, "వెంట్రుకంత గాజు ఇది. రెండు చివర్లూ ఎదురెదురుగా చూసుకోవాలి. చూసుకోకపోతే అతుకు నిలవదు. రా, నేర్పుతాను," అన్నాడు. తరవాత మూర్తిగారితో ఆ పిల్లని ఫోను దగ్గర ఉంచడం దండగ అని పోట్లాడి రౌటర్ల వైపు మార్పించింది కూడా అతనే. శుక్రవారం రాత్రీ శనివారం రాత్రీ ఆమెకి అన్నం సయించలేదు. మనిషి పని మానేసి వెళ్ళిపోతే ఆ ఆఫీసులో ఏం జరుగుతుందో ఆమెకి తెలుసు. మూడు రోజులు తలుచుకుంటారు. నాలుగో రోజు చెప్పుల స్టాండులో అతని చోట ఇంకొకరి చెప్పులుంటాయి.

ఒక్కటి మాత్రం ఆమెకి మొదటి నించీ అడ్డుపడుతూనే ఉంది. అమలాపురంలో ఒక రౌటరు, రాజోల్లో ఒక రౌటరు. ఈ రెండూ పొరుగువాళ్ళలాంటివి. పది సెకన్లకోసారి ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. నేనున్నాను, నేనున్నాను, అంతే ఆ మాట. నలభై సెకన్లపాటు అవతలి పలకరింపు అందకపోతే, పొరుగు పోయిందనుకుని అటువైపు దారులన్నీ చెరిపేస్తాయి. అప్పుడే రాజోలులో నెట్ పోతుంది. పాపారావు గనక ఫైబరు పీకేస్తే ముందు వెలుగు ఆరిపోవాలి, తీగ తెగినట్టు రికార్డవ్వాలి. అలా ఒక్కసారీ కాలేదు. వెలుగు ఉన్నట్టే ఉంది, తీగ ఉన్నట్టే ఉంది. పలకరింపు ఒక్కటే ఆగిపోతోంది. పదకొండు పన్నెండు నిమిషాలయ్యేక దానంతట అదే మొదలవుతోంది.

ఆ మాట మూర్తిగారికి చెప్పి చూసింది.

"పూర్తిగా పీకక్కర్లేదమ్మా. కొంచెం వంచి పట్టుకున్నా సిగ్నలు పాడవుతుంది. ఆ సంగతి నాకు చెప్పింది కూడా వాడే," అన్నారాయన.

ఆమె తిరిగి తన బల్ల దగ్గరికి వెళ్ళింది. రెండు రౌటర్లలోనూ ఉన్న అమరికలన్నీ ఒకటికి పదిసార్లు పక్కపక్కన పెట్టి చూసింది. పది సెకన్లు ఇక్కడా పదే, అక్కడా పదే. నలభై రెండుచోట్లా నలభయ్యే. చిరునామాలు సరిపోయాయి. పలకరింపుతోపాటు చెప్పుకునే రహస్యపు మాట అక్షరం అక్షరం సరిపోయింది. మూడు నెలల కింద రౌటర్లు కొత్తగా పెట్టినప్పుడు హైదరాబాదు నించి వచ్చిన ఇంజనీరు ఆ రహస్యపు మాట వారం వారం మారేలా ఒక వరస పెట్టి వెళ్ళేడు. ఆ వరస కూడా రెండువైపులా ఒకటే. తప్పు ఎక్కడా లేదు. తప్పంటూ కనిపిస్తే అది పాపారావు ఒక్కడే.

ఇలా కూచుంటే లాభం లేదనుకుంది. తెగేది ఆదివారం. తను చూసేది సోమవారం. ఎందుకంటే ఆదివారం పొద్దున్న తనూ చర్చిలోనే ఉంటుంది. ఈ ఒక్క వారం మానేస్తానని ఇంట్లో చెప్పి, ఆదివారం ఏడున్నరకల్లా రాజోలు బస్సెక్కింది. బోడసకుర్రు వంతెన మీద బస్సు ఆగి, ఒక కొబ్బరికాయల లారీకి దారిచ్చి కదిలింది. ఆమె కింద గోదావరి వైపు చూడనే లేదు. ఫోనులో పట్టికే చూసుకుంటూ కూచుంది.

రాజోల్లో రౌటరు ఉండేది త్రిమూర్తులుగారింట్లో. వీధి వైపున్న చిన్న గది కేబుల్ టీవీ రోజుల్లోనే మూర్తిగారికి అద్దెకిచ్చేరు. ఆ గదికి తాళాలు, కాపలా, తుడుపు అన్నీ ఆయనే. డెబ్బై దాటేయి. గళ్ళ లుంగీ, తెల్ల బనీను, చెవిలో చిన్న మిషను. క్రిస్టీనా మెట్లెక్కుతూ ఉండగానే ఎదురొచ్చేరు.

"రా అమ్మా రా. ఆలస్యమయిపోయింది. తొమ్మిది దాటేసింది కదా!"

ఆమె ఫోను చూసుకుంది. తొమ్మిదికి ఇంకా పది నిమిషాలుంది. పెద్దాయన తొందర మనిషి అనుకుంది.

"పర్లేదండి. లింకు తెగేలోపు రావాలనే వచ్చేను."

"తెగుతుందమ్మా, తెగుతుంది. సరిగ్గా తొమ్మిదిన్నరకి తెగుతుంది. నేను పుస్తకంలో రాస్తున్నాను కదా. తొమ్మిదిన్నరకి పోవడం, తొమ్మిదీ నలభై రెండుకి రావడం."

ఆ పుస్తకం ఆమె ఫొటోల్లో చూసింది. అమలాపురం రౌటరు రికార్డు ప్రకారం మాత్రం లింకు పోయేది తొమ్మిదీ పద్దెనిమిదికి, వచ్చేది తొమ్మిదిన్నరకి. పట్టిక రాసేటప్పుడు ఆమె రౌటరు లెక్కే తీసుకుంది. పెద్దాయన ఏదో అందాజుగా రాసుంటారని పుస్తకాన్ని పక్కన పెట్టేసింది.

గదిలో కుర్చీ వేయించుకుని, లాప్‌టాప్‌ని రౌటరుకి తగిలించి కూచుంది. గదిలో ఓ మూల మడతపెట్టిన నడుము బెల్టు, దాని మీద పనిముట్ల సంచీ, దాని మీద హెల్మెట్టు ఉన్నాయి. ఎవరివో ఆమెకి తెలుసు.

"పాపారావు బాబాయ్‌గారి సామాను ఇక్కడుందేంటండీ?"

త్రిమూర్తులుగారు గుమ్మం పట్టుకుని నిలబడ్డారు.

"నిన్న సాయంత్రం తెచ్చి పెట్టేడమ్మా. సోమవారం మీ ఆఫీసువాళ్ళు వస్తారు, ఇచ్చెయ్యండి అన్నాడు. ఏవయ్యిందయ్యా అంటే, ఏం లేదండీ, నాగదుర్గాప్రసాద్ చెప్పేడండీ, నన్ను తీసేస్తారంటండీ, వాళ్ళు అడగడం ఎందుకు నేనే పెట్టేస్తాను అన్నాడు. కాఫీ ఇస్తే కూడా తాగలేదు."

నాగదుర్గాప్రసాద్ ఆఫీసులో రెండో లైనుమాన్. మూర్తిగారి గది తలుపు దగ్గరగా వేస్తే మాటలు బయటికి రావనుకోవడం మూర్తిగారొక్కరికే సాధ్యం.

ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుంది. లాప్‌టాప్ వైపు తిరిగింది. వెలుగు ఎంతుందో చూసింది. బాగుంది. పలకరింపులు వస్తున్నాయి, పోతున్నాయి. వచ్చే ప్రతి పలకరింపునీ రౌటరు ఏం చేస్తోందో తెర మీద కనిపించేలా పెట్టింది. పది సెకన్లకో వరస పైకి జరుగుతోంది. పక్క వీధిలోంచి చర్చి మైకు వినిపిస్తోంది. పాట అయిపోయి, పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు.

తెర మీద వరస మారింది.

పలకరింపు వచ్చింది, మాట సరిపోలేదు, వదిలేస్తున్నాను. పది సెకన్లకి మళ్ళీ అదే. మళ్ళీ అదే. నాలుగోసారికి పొరుగు పోయిందని పడింది. గుమ్మం దగ్గర త్రిమూర్తులుగారు, "చెప్పేను కదా! తొమ్మిదిన్నర!" అన్నారు, గెలిచినట్టు. మరుక్షణం గెలిచింది ఏమిటో గుర్తొచ్చి ఊరుకున్నారు.

వెలుగు అలాగే ఉంది. క్రిస్టీనా దాన్ని మూడుసార్లు చూసింది. ఎవరూ ఏ తీగా వంచలేదు. అమలాపురం పలకరిస్తూనే ఉంది. రాజోలే వినను అంటోంది. రాజోలుకి పద్నాలుగో నంబరు మాట కావాలి. అమలాపురం ఇంకా పదమూడో నంబరు మాటే చెబుతోంది. వరస ప్రకారం ఆదివారం తొమ్మిదిన్నరకి పదమూడు పోయి పద్నాలుగు రావాలి. మరి అమలాపురానికి తొమ్మిదిన్నర అవలేదా?

ఫోను తీసి ఆఫీసులో డ్యూటీలో ఉన్న హేమకి కలిపింది.

"హేమా, అక్కడ టైమెంతయింది?"

"నీ ఫోనులో టైము లేదేంటే?"

"నాది కాదు. అమలాపురం రౌటరు టైము. తెర తీసి చూసి చెప్పు. నవ్వకు."

కీబోర్డు చప్పుడు. "తొమ్మిదీ పంతొమ్మిది. ఇప్పుడే ఇరవై అయింది. ఏం?"

క్రిస్టీనా రాజోలు రౌటరుని టైము అడిగింది. తొమ్మిదీ ముప్పై రెండు అంది. ఆమె లేచి గుమ్మం దాటి హాల్లోకి చూసింది. ఎదురుగోడ మీద పాత గుండ్రటి గడియారం. తొమ్మిదీ ముప్పై రెండు. చేతిలో ఫోను తొమ్మిదీ ఇరవై. ఆ గడియారానికీ ఈ రౌటరుకీ ఏం సంబంధమో అడిగేలోపే ఆయనే చెప్పేశారు.

"అదమ్మా, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఈ పెట్టె టైము మర్చిపోతుంది. మొదటిసారి పోయింది రెండు నెలల కింద. ఆ హైదరాబాదు ఇంజనీరుగారు ఎలా కొట్టాలో కాగితం మీద రాసిచ్చేరు. ఇదిగో, ప్లాస్టిక్ కవరులో పెట్టి అంటించేను. కరెంటు రాగానే గడియారం చూసి కొట్టేస్తాను. ఒక్కసారి కూడా మర్చిపోలేదు."

"మీ గడియారం పన్నెండు నిమిషాలు ముందుందండి."

"అవునమ్మా. మా ఇంట్లో గడియారాలన్నీ పన్నెండు నిమిషాలు ముందే ఉంటాయి."

ఆ మాట ఆయన చాలా మామూలుగా చెప్పేరు, ఇంట్లో అందరూ ఎడమచేతి వాటం అని చెప్పినట్టు. తరవాత ఆమె ముఖం చూసి కుర్చీలో కూలబడ్డారు.

"మా అమ్మ నర్సాపురం ఆసుపత్రిలో ఉండగా కబురొచ్చింది. అప్పటికి మాకు గోదావరి దాటించే పంటు తప్ప వేరే దారి లేదు. నేనూ మా ఆవిడా సఖినేటిపల్లి రేవులోకి దిగేటప్పటికి పంటు ఒడ్డు వదిలేసింది. ఎంతో దూరం కాదు, కేకేస్తే వినబడేంత దూరం. కేకేసేను కూడా. తరవాతి పంటు ఎక్కి అవతలకి వెళ్ళేటప్పటికి ఆవిడ పోయి పది నిమిషాలో పన్నెండు నిమిషాలో అయిందన్నారు. ఇంటికొచ్చి గడియారం పన్నెండు నిమిషాలు ముందుకి జరిపేను. మా ఆవిడ పోయింది, పిల్లలు ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళేరు. గడియారం అలాగే ఉంది. ఇంట్లో ఎవరమూ మళ్ళీ పంటు తప్పిపోలేదు." గడియారం వైపు చూసి, "అయితే అమ్మా, ఇదంతా నా వల్లేనా? పాపారావు సంగతి?" అన్నారు.

క్రిస్టీనా ఆయన కళ్ళలోకి చూడకుండా చెప్పింది.

"మీ వల్ల కాదండి. ఈ పెట్టె టైము మనిషి కొట్టాల్సిన అవసరమే లేదు. అమలాపురం నించి దానంతట అదే తెచ్చుకోవాలి. ఆ ఇంజనీరు అది పెట్టడం మర్చిపోయేడు. పైగా మాట మారే టైము ఆదివారం పొద్దున్న పెట్టేడు, ఆఫీసులు లేవు కదా ఎవరు వాడతారులే అని. నేను అన్నీ పోల్చి చూసేను. టైమొక్కటే పోల్చలేదు. మీరు పుస్తకంలో సరిగ్గానే రాసేరు. నేనే నమ్మలేదు."

తొమ్మిదిన్నరకి, అంటే ఫోను తొమ్మిదిన్నరకి, అమలాపురం కూడా పద్నాలుగో మాటకి మారింది. ఎవరూ ఏమీ ముట్టుకోకుండానే పొరుగు వచ్చిందని తెర మీద పడింది. పక్క వీధిలో ఎవరో, "వచ్చింది, లైవ్ వచ్చింది," అన్నారు.

అప్పుడు ఆమె పని మొదలెట్టింది. రాజోలు రౌటరు ఇకనించీ టైము అమలాపురాన్ని అడిగి తెచ్చుకునేలా పెట్టింది. రెండింటి టైమూ కలిసేదాకా చూసింది. కలిసేయి, సెకన్లతో సహా. అంతటితో లేవలేదు. మూర్తిగారు మళ్ళీ వంచేడు, పట్టేడు అంటే? రెండువైపులా పది గంటలకి మారేలా ఒక కొత్త మాట పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుంది. పదయింది. మాట మారింది. పది సెకన్లకి పలకరింపు వచ్చింది. ఇంకో పదికి ఇంకోటి. నలభై సెకన్లు దాటేయి, అరవై దాటేయి. పొరుగు ఎక్కడికీ పోలేదు.

"గోడ గడియారం కూడా సరిచెయ్యాలామ్మా?" అన్నారు త్రిమూర్తులుగారు.

"అక్కర్లేదండి. అది మీది."

మూర్తిగారు ఆ పూట కుటుంబంతో అప్పనపల్లి గుడికి వెళ్ళేరు. ఫోనులో వెనక గంటలు మోగుతున్నాయి. ఆమె చెప్పిందంతా విన్నారు. రెండుసార్లు "గడియారమా?" అన్నారు. మూడోసారి, "అయితే పాపారావు కాదన్నమాట," అన్నారు.

"కాదండి. అసలు లింకు తెగనే లేదండి ఎప్పుడూ."

"సరే, మంచి మాట చెప్పేవు. ఇంక ఆ సంగతి ఎత్తకు. అతనికి తెలీదు కదా. తెలీకుండానే పోనీ."

"తెలుసండి. నిన్న సామానంతా తెచ్చి ఇక్కడ పెట్టేసి వెళ్ళేరు."

గంటలు మోగుతూనే ఉన్నాయి. మూర్తిగారు, "ఎవరు చెప్పేరు?" అని కోప్పడబోయి మానేసి, "వెళ్ళి కనుక్కో, ఏమంటాడో," అని పెట్టేశారు.

పాపారావు ఇల్లు ఆ వెనక వీధే. చర్చి వదిలేరు. అతని భార్య సూరమ్మ ఇంకా చర్చి చీర మార్చుకోలేదు, అరుగు మీద కూచుని చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది. క్రిస్టీనాని చూసి లేవలేదు, కూచోమనీ అనలేదు.

"సామాను త్రిమూర్తులుగారింట్లో ఉంది. ఇక్కడికెందుకొచ్చేవు?"

"సామాను కోసం రాలేదు పిన్నీ."

"మరి దేనికి? నా చెల్లెలు బేబి కువైట్‌లో వంట చేసుకుంటూ ఈ లైవ్ కోసమే ఫోను ఎదురుగా పెట్టుక్కూచుంటుంది. అది చూసేదాన్ని ఈయన వెళ్ళి తెంపుతారా? ఆ మాత్రం ఆలోచన మీ ఆఫీసులో ఒక్కరికీ లేకపోయిందేం? ఎన్నిసార్లు తిన్నావే మా ఇంట్లో అన్నం!"

పాపారావు లోపల్నించి వచ్చేడు. తెల్ల చొక్కా, చేతిలో బైబిలు. "నువ్వుండు," అన్నాడు భార్యతో. క్రిస్టీనాతో, "చెప్పమ్మా," అన్నాడు.

ఆమె నిలబడే చెప్పింది. పలకరింపుల సంగతి, మారే మాట సంగతి, పన్నెండు నిమిషాల సంగతి. గడియారం దగ్గరకొచ్చేసరికి అతను తల ఊపేడు. ఆ రేవు సంగతి ఆ వీధిలో అందరికీ తెలిసిందే.

"మూర్తిగారికి చెప్పేవా?"

"చెప్పేనండి." ఇక్కడితో ఆపేయచ్చు అని ఆమెకి తెలుసు. ఆపేస్తే ఎప్పటికీ చెప్పలేననీ తెలుసు. "ఇంకోటి కూడా ఉంది బాబాయ్. మీరు ఎక్కడున్నప్పుడు లింకు తెగిందో పట్టిక వేసి ఆయనకిచ్చింది నేనే."

సూరమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. పాపారావు బైబిలు కిటికీలో పెట్టి వచ్చి అరుగు మీద కూచున్నాడు.

"తేదీలు సరిగ్గా రాసేవా?"

"రాసేనండి."

"నేను వచ్చే బస్సు, వెళ్ళే బస్సు?"

"అవీ సరిగ్గానే రాసేను."

"అన్నీ సరిగ్గానే రాసేవు," అన్నాడు. గొంతులో కోపం లేదు, అందుకే ఆమెకి నిలబడ్డం కష్టమైంది. "అడగాలి కదమ్మా. బాబాయ్, ఆదివారం తొమ్మిదింబావుకి ఎక్కడుంటారు అని అడిగితే, చర్చిలో మూడో వరసలో ఉంటాను, నా పక్కన సాల్మన్ ఉంటాడు అని చెప్పేవాడిని. ఒక్క మాట అయిపోయేది."

"అడగడానికి భయమేసింది."

"దేనికి?"

"మీరు అవునంటారేమో అని."

పాపారావు వీధి వైపు తిరిగేడు. సూరమ్మే ముందు కదిలింది. "నిలబడే చెబుతుందేంటి, కూచోమనండి," అంది, మొగుడి మీద కోపంలా. కానీ చాప మాత్రం తను వెయ్యలేదు. క్రిస్టీనా మెట్టు మీద కూచుంది.

ఆమె ఫోను మోగింది. మూర్తిగారు.

"ఏమన్నాడమ్మా? రేపు వచ్చెయ్యమను. ఏమీ మనసులో పెట్టుకోవద్దన్నానని చెప్పు."

ఫోను గొంతు పెద్దది. అరుగు మీద అందరికీ వినిపించింది. పాపారావు చెయ్యి చాపేడు. ఆమె ఇచ్చేసింది.

"నేనేనండి, పాపారావుని."

"ఆఁ, పాపారావూ. అదీ... ఏదో అనుకున్నాంలే."

"ఎవరనుకున్నారండి?"

"ఎవరంటే... అందరూ..."

"ఇక్కడున్న అమ్మాయి అనుకోలేదటండి. అనుకుంటే చర్చి మానేసి వచ్చేది కాదు. మరెవరండి?"

"నేనే," అన్నారు మూర్తిగారు. "నేనే అనుకున్నాను. తప్పుగా అనుకున్నాను. రేపు రా."

"రేపు రానండి. రేపు మీరు నన్ను తీసేద్దామనుకున్న రోజు కదండీ. ఆ రోజు నేను ఇంటి దగ్గరుంటాను. ఎల్లుండి వస్తాను."

"ముమ్మిడివరంలో రేపు పని..."

"ఎల్లుండి వస్తానండి."

"ఆయ్," అన్నారు మూర్తిగారు. "ఎల్లుండే రా."

సూరమ్మ భోజనానికి ఉండమంది, ఒక్కసారే అంది. క్రిస్టీనా ఇంటి దగ్గర చూస్తుంటారని చెప్పి లేచింది. ఇంకో మాట అంటే ఉండిపోయేదే. పాపారావు చెప్పులేసుకుని బస్టాండు దాకా వచ్చేడు. త్రిమూర్తులుగారి వీధి మలుపులో అతను ఆగేడు. లోపలికి వెళ్ళి బెల్టూ సంచీ తెచ్చుకుంటాడేమో అని ఆమె చూసింది. అతను ఆ ఇంటి వైపు చూసి ఊరుకుని, నడిచేడు.

అమలాపురం బస్సు వచ్చి నిలబడింది. ఆమె ఎక్కి కిటికీ దగ్గర కూచుంది. కిందనించి పాపారావు కిటికీ చువ్వ పట్టుకున్నాడు.

"ఆ మాట మారే టైము ఆదివారం ఉంచకు."

"సాయంత్రం తీసేస్తానండి. ఏ రోజుకి మార్చమంటారు?"

"మంగళవారం పెట్టు. పదకొండింటికి. నేను ఆఫీసులోనే ఉంటాను. తెగితే అందరం ఒకచోటే కూచుని చూద్దాం."

కండక్టరు గంట కొట్టేడు. ఆమె సరేనంది. బస్సు కదిలేదాకా అతను చువ్వ వదల్లేదు.